గుప్పెడు ముక్కల నుంచి నిప్పుకోడి దాకా: బడిపిల్లలతో చేసి చూసే పూర్తి పద్ధతి

ప్రకాశం జిల్లాలో నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో పేపర్లో వచ్చిన రోజు, మా తొమ్మిదో తరగతిలో ఒకబ్బాయి లేచి అడిగాడు: "టీచర్, దొరికింది పెంకులే కదా. మరి పక్షి ఎంత ఉండేదో ఎట్లా చెప్తారు?" బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం వాళ్ళు తవ్విన ఆ చోట సుమారు 3,500 గుడ్డు పెంకుల ముక్కలు దొరికాయి. గూడు వెడల్పు తొమ్మిది, పది అడుగులు. వయసు సుమారు 41 వేల ఏళ్ళు. 1970 దాకా ఒంగోలు మా గుంటూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి మా పిల్లలకు అది పక్కింటి కబురులాగే అనిపించింది.

రెండు వాక్యాల్లో జవాబు చెప్పి కూర్చోబెట్టొచ్చు. కానీ "శాస్త్రవేత్తలు లెక్క కడతారు" అంటే పిల్లవాడికి ఏం తెలిసినట్టు? ఆ లెక్క తన చేత్తో కట్టి, అది ఎక్కడ తప్పుతుందో కూడా చూస్తేనే తెలిసినట్టు. అందుకని మూడు ఆదివారాలు పెట్టుకున్నాం. ఆ తర్వాత ఏటా చేస్తున్నాం. చేసిన పద్ధతినంతా ఇక్కడ రాస్తున్నాను. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు, ఒక పెద్దవాళ్ళు ఉంటే చాలు. ఖర్చు ఒక కోడి, డజను గుడ్లు, రెండు కొబ్బరికాయలు, కొంచెం దారం, తీగ, రంగులు. మిల్లీమీటర్లో పదోవంతు దాకా కొలిచే వెర్నియర్ కాలిపర్స్ ఒకటి మాత్రం తప్పనిసరి. ఇంటర్ చదివే అన్నో అక్కో ఉన్న ఇంట్లో దొరుకుతుంది, లేకపోతే బడి ల్యాబ్‌లో అడగండి.

మొదలుపెట్టే ముందు: దొరికిందేమిటి, దొరకనిదేమిటి

మన దేశపు నిప్పుకోడి గురించి చెప్పే ఆధారాలు రెండు రకాలు. పిల్లలకు మొదటి రోజే వాటిని విడివిడిగా చెప్పండి, ఎందుకంటే చివర్లో అందరూ కలిపేసేది ఇక్కడే.

ఒకటి ఎముకలు. హిమాలయాల పాదాల దగ్గర శివాలిక్ కొండల్లో దొరికిన కొన్ని ముక్కలను చూసి 1871లో ఫ్రెంచి శాస్త్రవేత్త అల్ఫాన్స్ మిల్న్-ఎడ్వర్డ్స్ ఆ పక్షికి స్ట్రూథియో ఏషియాటికస్ అని పేరు పెట్టారు. ఆసియా నిప్పుకోడి అన్నమాట. పూర్తి అస్థిపంజరం లేదు, ముక్కలే. అవి లక్షల ఏళ్ళ నాటివి. శివాలిక్ శిలాజాలను 1830ల్లో పెద్దఎత్తున సేకరించింది హ్యూ ఫాల్కనర్, ప్రోబీ కాట్లీ. ఈ కాట్లీయే గంగా కాలువ తవ్వించిన ఇంజనీరు. మన కాటన్ దొర ఆ కాలువ కట్టడాన్ని గట్టిగా విమర్శించి ఆయనతో పెద్ద వాదమే పెట్టుకున్నారు. కృష్ణా కాలువ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు ఈ సంగతి చెబితే శివాలిక్ కొండలు ఒక్కసారిగా దగ్గరవుతాయి.

రెండోది గుడ్డు పెంకులు. ఇవి చాలా తర్వాతి కాలానివి, వేల ఏళ్ళ నాటివి. రాజస్థాన్, మధ్యప్రదేశ్ ప్రాంతాల్లో దొరికిన పెంకుల నుంచి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ తీశారు. 25 వేల ఏళ్ళు దాటిన ఆ పెంకులు ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరి చుట్టానివని 2017లో ప్రకటించారు. మహారాష్ట్రలోని పట్ణెలో గీతలు చెక్కిన నిప్పుకోడి పెంకు దొరికింది. అంటే అప్పటి మనుషులు వాటిని చేత్తో పట్టుకుని, ముచ్చటపడి చెక్కారు.

ఈ రెండూ ఒకే పక్షివి అని ఎక్కడా రాయకండి. ఎముకకూ పెంకుకూ మధ్య లక్షల ఏళ్ళ దూరం ఉంది.

మొదటి అడుగు: ముక్కను కదిలించకముందే బొమ్మ గీయండి

పిల్లల చేతికి ఏ ముక్క ఇచ్చినా ముందు గీయించండి. ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు, కానీ గీసేటప్పుడు కన్ను ఆగుతుంది. పక్కన స్కేలు పెట్టి అసలు సైజులో, నాలుగు వైపుల నుంచీ గీయాలి. విరిగిన అంచు ఎక్కడ, సహజమైన అంచు ఎక్కడ అన్నది రెండు రంగుల పెన్సిళ్ళతో చూపించాలి. ఈ రెండో పనికి పావుగంట పడుతుంది. విసుక్కున్నా వదలొద్దు.

ఇది ఎందుకంత ముఖ్యమో ఓవెన్ కథ చెప్పండి. 1839లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక ఎముక ముక్కను లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్తకు చూపించారు. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే పిల్లల స్కేలంత. రెండు కొసలూ విరిగిపోయాయి. కీలు భాగం లేని ఎముక ఎవరిదో చెప్పడం చాలా కష్టం. మొదట ఆయన కూడా ఏదో పశువు ఎముకే అనుకున్నారు. తర్వాత మ్యూజియంలోని అస్థిపంజరాలతో ఒక్కొక్కటిగా పోల్చి చూశారు. లోపలి తేనెపట్టులాంటి అల్లికను చూసి, ఇది పక్షి తొడ ఎముక అని, నిప్పుకోడికి దాదాపు సరితూగే పెద్ద పక్షిదని ప్రకటించారు. అంత పెద్ద పక్షి న్యూజిలాండ్‌లో ఉండేదని అప్పటికి శాస్త్రలోకానికి తెలియదు. నాలుగేళ్ళకు పెట్టెలకొద్దీ ఎముకలు వచ్చాయి. అదే మోవా.

పిల్లలకు ఇందులో నచ్చేది ఓవెన్ గెలవడం. నేను ఆపి చూపించేది మాత్రం ఇంకొకటి: ఆయన ముక్కు గురించి, రంగు గురించి, తిండి గురించి ఊహలు అల్లలేదు. ఆ 15 సెంటీమీటర్ల ఎముక చెప్పగలిగినంతే చెప్పారు.

రెండో అడుగు: కోడి ఎముకలు శుభ్రం చేయడం

మన చేతికి అందే పక్షి కోడే. చికెన్ కొట్టు దగ్గర ముందే చెప్పాలి. లేకపోతే అలవాటు కొద్దీ ముక్కలు కొట్టేస్తారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు "కొట్టొద్దు బాబూ, కాళ్ళతో సహా నిండు కోడి ఇవ్వు" అంటే "గ్రిల్లు చేస్తారా మేడం?" అన్నాడు. పాఠానికి అని చెప్పాక, ప్రాణంతో ఉన్నప్పుడే తూకం వేసి అంకె చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ పారేయొద్దు. పిల్లలకు చూపించనూ వద్దు. అది మన జవాబు పత్రం.

మాంసం ఇంట్లో వండుకోండి, ఎముకలు మాత్రం విరగకుండా తీయండి. తర్వాత సన్నని సెగ మీద నీళ్ళలో గంటన్నర మరగనిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో రెండు రోజులు నానబెట్టండి. నూనె జిడ్డు నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళు మార్చుతూ ఉండండి. తెల్లగా కావాలంటే మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. కుక్కర్ వద్దు, ఎముక మెత్తబడి కీళ్ళ దగ్గర రాలిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ అసలే వద్దు. మా రెండో ఏడాది ఎముకలు తొందరగా తెల్లబడాలని అది వేశాను. వారం తిరిగేసరికి తొడ ఎముక సుద్దముక్కలా పొడిపొడిగా రాలింది. ఆ ఏడాది మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఎండలోనూ పెట్టకండి. మే నెల గుంటూరు ఎండకు ఎముక నిలువునా చీలుతుంది. నీడలో, వల కప్పి, చీమలు పట్టకుండా ఆరబెట్టాలి. పచ్చి మాంసం ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలన్నది పిల్లలకు నియమం.

ఆరాక పేర్లు నేర్పండి. బిర్యానీలో మనం లెగ్ పీస్ అనేది తొడ కాదు, మోకాలి కింది ఎముక. దాని పైన ఉండే పొట్టి, లావు ముక్కలో ఉండేది అసలు తొడ ఎముక. మనకు కావలసింది అదే. రెక్క మొదట్లోని ఎముకను కూడా పక్కన పెట్టండి. దాని భుజం వైపు కొస దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. పక్షి ఊపిరితిత్తులకు అనుబంధంగా ఉండే గాలి సంచి ఆ రంధ్రంలోంచి ఎముక లోపలికి వెళ్తుంది. భూతద్దంతో ఆ రంధ్రం చూసిన పిల్లలు ఇక పక్షి ఎముకనూ మేక ఎముకనూ ఎప్పుడూ కలపరు.

వీలైతే రెండు కోళ్ళు తీసుకోండి, ఒకటి బ్రాయిలర్, ఒకటి ముదురు నాటుకోడి. బ్రాయిలర్ ఆరు వారాల పిల్ల. ఒళ్ళు పెరిగిందే గానీ వయసు రాలేదు. దాని ఎముక కొసలు ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి, ఉడికాక ఊడిపోతాయి. నాటుకోడి ఎముక కొసలు గట్టిగా, నున్నగా ఉంటాయి. శిలాజం ముక్క చేతికి వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు వేసుకునే తొలి ప్రశ్నల్లో ఇదొకటి: ఇది చిన్న జాతి పక్షిదా, పెద్ద జాతి పక్షి పిల్లదా? ఈ రెండు కోళ్ళను పక్కపక్కన పెడితే ఆ ప్రశ్న పిల్లలే అడుగుతారు.

మూడో అడుగు: తొడ ఎముక నుంచి బరువు

నిలబడ్డ పక్షి బరువంతా మోసేవి రెండు తొడ ఎముకలు. కాబట్టి ఎముక లావుకూ బరువుకూ సంబంధం ఉంటుంది. దీన్ని వందల పక్షుల మీద కొలిచి 1992లో క్యాంప్‌బెల్, మార్కస్ అనే ఇద్దరు ఒక సూత్రం ఇచ్చారు. పెద్ద శిలాజ పక్షుల బరువు కట్టడానికి దాన్ని బాగా వాడతారు. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టడానికి వీలుగా మార్చి రాస్తే ఇదీ:

బరువు (గ్రాముల్లో) = 0.861 × (చుట్టుకొలత మిల్లీమీటర్లలో) ఘాతం 2.411

ఫోన్‌ను అడ్డంగా తిప్పితే ఘాతం మీట వస్తుంది.

చుట్టుకొలత తీసేది ఎముక నడుమ, అన్నిటికంటే సన్నగా ఉన్న చోట. దారం ఒక్క చుట్టు చుట్టి కొలిస్తే తప్పు వస్తుంది. సన్నని కుట్టు దారం ఐదు చుట్లు, ఒకదాని పక్కన ఒకటి, బిగువుగా చుట్టి, మొదలూ చివరా పెన్నుతో గుర్తు పెట్టి, విప్పి స్కేలు మీద పరిచి ఐదుతో భాగించండి. మా కోడికి ఐదు చుట్లు 125 మిల్లీమీటర్లు వచ్చాయి. అంటే ఒక చుట్టు 25. సూత్రంలో పెడితే 2,020 గ్రాములు. అప్పుడు చీటీ తీసి చూపించాను: 2,230. క్లాసులో ఈల వేశారు. చిన్న ఎముకతో, కుట్టు దారంతో, నిజం బరువుకు పదోవంతు తేడాలో చేరారు.

సంబరం అయ్యాక రెండో లెక్క చేయించండి. దీన్ని దాటేయొద్దు. చుట్టుకొలతలో ఒక్క మిల్లీమీటర్ పొరపాటు జరిగిందనుకోండి. 24 అయితే 1,830 గ్రాములు, 26 అయితే 2,220. ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ జరిగితే దాదాపు నాలుగు వందల గ్రాములు! కొలిచేది మనుషులే కాబట్టి ఆ మిల్లీమీటర్ ఎప్పుడూ ఉంటుంది. అందుకే మా పుస్తకంలో బరువు గడిలో ఒక అంకె రాయనివ్వను. "ఇంత నుంచి ఇంత" అనే రాయాలి.

నాలుగో అడుగు: పెంకు ముక్క నుంచి గుడ్డు

ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న ఇదే. దీనికి ఒక ఆదివారం పూర్తిగా కేటాయించండి.

పిల్లల్ని రెండు జట్లు చేయండి. మొదటి జట్టు ప్రతి గుడ్డు పొడవు, వెడల్పు కాలిపర్స్‌తో కొలిచి, తూచి, రహస్యంగా రాసుకుని, పగలగొట్టి (లోపలిది ఆమ్లెట్‌కి), పెంకును రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి రెండో జట్టుకు ఇస్తుంది. లోపలి పొర ఒలిచేయాలి, లేకపోతే మందం తప్పొస్తుంది. రెండో జట్టుకు ముక్క తప్ప ఇంకేమీ తెలియకూడదు.

రెండో జట్టు పని వంపు కొలవడం. ల్యాబ్‌లోని స్ఫెరోమీటర్ కాళ్ళు చాలా ఎడంగా ఉంటాయి, ఇంత చిన్న ముక్క మీద నిలవవు. కాబట్టి ముక్కను బోర్లించకుండా, గుంట పైకి ఉండేలా మైదా ముద్ద మీద కూర్చోబెట్టండి. గుంట మీద అడ్డంగా సన్నని స్టీలు స్కేలు ఆనించండి. ఆనిన రెండు చోట్ల మధ్య దూరం కొలవండి, దాన్ని జ్యా అందాం. నడిమధ్యలో స్కేలు అంచు నుంచి గుంట అడుగు దాకా లోతు కాలిపర్స్ తోక పుల్లతో కొలవండి. అప్పుడు:

వ్యాసార్థం = (జ్యా × జ్యా) ÷ (8 × లోతు) + లోతులో సగం

ఒక కోడిగుడ్డు ముక్కకు జ్యా 2 సెంటీమీటర్లు, లోతు 2.5 మిల్లీమీటర్లు వచ్చింది. వ్యాసార్థం 2.125 సెంటీమీటర్లు, అంటే వెడల్పు 4.25. కోడిగుడ్డు పొడవు వెడల్పుకు సుమారు 1.33 రెట్లు ఉంటుంది కాబట్టి పొడవు 5.65. తాజా గుడ్డు బరువుకు పక్షి శాస్త్రవేత్తలు వాడే సులువైన సూత్రం 0.548 × పొడవు × వెడల్పు × వెడల్పు. అది 56 గ్రాములు చూపించింది. మొదటి జట్టు అంకె 58.

అదే జట్టు తర్వాతి ముక్కకు వ్యాసార్థం 1.5 సెంటీమీటర్లు తెచ్చింది. లెక్క కడితే 20 గ్రాముల లోపే. పావురం గుడ్డంత! అదీ ఆ గుడ్డు ముక్కే. ఏమైందో పిల్లలే తేల్చుకోనివ్వండి. మా వాళ్ళకు పది నిమిషాలు పట్టింది. ఒకమ్మాయి నిండు గుడ్డును చేతిలో తిప్పుతూ తిప్పుతూ ఆగి, "టీచర్, ఇది మొన దగ్గరి ముక్క" అంది. గుడ్డు బంతి కాదు. నడుము దగ్గర అడ్డంగా ఒక వంపు, నిలువుగా ఇంకొక వంపు ఉంటాయి. మొన దగ్గర మరీ ముడుచుకుంటుంది. అందుకే ప్రతి ముక్కనూ తిప్పి తిప్పి కొలవాలి. రెండు దిక్కుల్లో వంపు తేడా స్పష్టంగా ఉంటే అది నడుము ముక్క, ఎక్కువ వంపు ఉన్న దిక్కే వెడల్పు చెబుతుంది. అన్ని దిక్కుల్లో ఒకటే వస్తే అది కొస ముక్క కావచ్చు, పక్కన పెట్టాలి. ఒక ముక్క కంటే 3,500 ముక్కలు ఎందుకు విలువైనవో అప్పుడు అర్థమవుతుంది.

కోడిగుడ్డు అయ్యాక కొబ్బరిచిప్ప తీసుకోండి. పీచు గీకి గరుకు కాగితంతో రుద్దిన చిప్ప వంపు నిప్పుకోడి గుడ్డు వంపుకు చాలా దగ్గర. కాయ నిండుగా ఉన్నప్పుడే కొలిచి పెట్టుకోండి. తర్వాత మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి అదే ఆట ఆడండి. వంపు తక్కువయ్యే కొద్దీ కొలవడం ఎంత కష్టమవుతుందో ఇక్కడ తెలుస్తుంది. ఇక బోర్డు మీద నిప్పుకోడి లెక్క వేయండి. ఆఫ్రికా నిప్పుకోడి గుడ్డు పొడవు 15, 16 సెంటీమీటర్లు, వెడల్పు 13 దరిదాపు, పెంకు మందం 2 మిల్లీమీటర్ల దాకా. కోడిగుడ్డు పెంకు మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. తవ్వకాల్లో నిప్పుకోడి పెంకు కంటపడగానే అనుమానం వచ్చేది ఆ మందం వల్లే.

మూడు సెంటీమీటర్ల జ్యాకు లోతు 1.8 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. లోపలి వ్యాసార్థం 6.34 సెంటీమీటర్లు. లోపలి వైపు కొలిచాం కాబట్టి పెంకు మందం 0.2 కలపాలి. వెడల్పు 13.1, పొడవు దానికి 1.2 రెట్లు అనుకుంటే గుడ్డు బరువు సుమారు 1,475 గ్రాములు. ఇప్పుడు లోతులో 0.2 మిల్లీమీటర్ల పొరపాటు పెట్టండి. 2.0 అయితే గుడ్డు 1,090 గ్రాములు. 1.6 అయితే 2,050. వెంట్రుక రెండు మూడు పేటలంత తేడాకు గుడ్డు బరువు దాదాపు రెట్టింపైంది. పిల్లలు ఈ మూడు అంకెలూ బోర్డు మీద చూసి నిశ్శబ్దమైపోతారు. ఆ నిశ్శబ్దంలో వెంటనే మాట్లాడకండి. కాసేపు ఉండనివ్వండి.

ఐదో అడుగు: గుడ్డు నుంచి పక్షికి దూకే ముందు

గుడ్డు కిలోన్నర ఉంది, సరే. పక్షి ఎంత? ఇక్కడ పెద్దవాళ్ళు కూడా తొందరపడతారు. మన కోడి రెండు కిలోలు, గుడ్డు 56 గ్రాములు, అంటే ఒంటి బరువులో మూడు శాతానికి కొంచెం తక్కువ. నిప్పుకోడి గుడ్డు తల్లి బరువులో ఒకటి, రెండు శాతమే. న్యూజిలాండ్ కివి పక్షి గుడ్డు తల్లి బరువులో ఐదోవంతు. కిలోన్నర గుడ్డు కివి లాంటి పక్షిదైతే తల్లి ఏడెనిమిది కిలోలు, కోడి లాంటిదైతే యాభై, నిప్పుకోడి లాంటిదైతే వంద. కాబట్టి ముందు ఏ పక్షి కుటుంబమో తేలాలి, తర్వాతే బరువు. పెంకులోని సూక్ష్మ రంధ్రాల తీరు, పొరల అమరిక, దొరికితే డీఎన్ఏ ఆ పని చేస్తాయి. సీసీఎంబీ పని విలువ అక్కడుంది. ఆ చుట్టరికం తేలాకే, ఈనాటి మగ నిప్పుకోడి 100 నుంచి 130 కిలోలు, రెండు మీటర్లకు పైగా ఎత్తు అన్న అంకెలతో పోల్చి ఆలోచించే హక్కు మనకు వస్తుంది.

ఎముక అయితే కుటుంబం చెప్పడం ఒక్కోసారి తేలిక. కోడి పాదం పైన ఉండే పొడవాటి ఎముక కింది కొస చూడండి, వేళ్ళు కూర్చునే చోట మూడు గుండ్రని బొడిపెలుంటాయి. నిప్పుకోడికి రెండే వేళ్ళు, అందుకే అక్కడ రెండే. పదిహేనేళ్ళ కిందట మన వైపు ఫారాల్లో పెంచిన ఈమూకు మూడు వేళ్ళు. చాలామంది దాన్నే నిప్పుకోడి అనుకునేవారు. ఆ కొస ముక్క ఒక్కటి దొరికినా చాలు.

ఆరో అడుగు: ఉప్పలపాడు వెళ్ళి కాళ్ళు చూడండి

బొమ్మ చేసే ముందు బతికున్న పక్షిని చూడాలి. గుంటూరుకు దగ్గర్లోని ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. పొద్దున్నే వెళ్ళండి. ఒక్కటే పని చెప్పండి: కొంగ మోకాలు ఎక్కడుందో గీయండి. పదిమందిలో తొమ్మిదిమంది కాలు మధ్యలో వెనక్కి వంగే కీలును మోకాలు అని గీస్తారు. అది మడమ. అసలు మోకాలు ఈకల్లో, ఒంటికి ఆనుకుని, ముందుకు వంగి ఉంటుంది. సంచిలో తీసుకెళ్ళిన కోడి ఎముకలను అక్కడే వరసగా పేర్చి చూపిస్తే ఇక జన్మలో మర్చిపోరు. ఈకలు, గుడ్లు, ఎముకలు అక్కడి నుంచి ఏరుకు రాకూడదు. అడవి పక్షుల విషయంలో చట్టం కఠినంగా ఉంటుంది. తవ్వకాల స్థలాల్లో పెంకు ముక్కలకూ అదే నియమం. ఏరుకొస్తే దాని పొర, లోతు, చుట్టూ ఉన్న మన్ను చెప్పే కథంతా పోతుంది.

ఏడో అడుగు: బొమ్మ

ఐదోవంతు సైజులో చేయండి. ఈనాటి నిప్పుకోడి తొడ ఎముక సుమారు 30 సెంటీమీటర్లు, దాని కింది ఎముక 50, పాదం పైన ఎముక 45. మీ బొమ్మలో 6, 10, 9 అవుతాయి. తీగతో అస్థిపంజరం కట్టి, పాత పేపర్లు చుట్టి ఒళ్ళు తేవాలి. కీళ్ళ దగ్గర మేము కొండపల్లి బొమ్మల వాళ్ళు వాడే మక్కు పెడతాం. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి ఉడికించిన ముద్ద అది. ఆరాక రాయిలా బిగుస్తుంది, గరుకు కాగితానికి లొంగుతుంది, రంగు పీల్చుకుంటుంది. పిల్లలకు బజారులో దొరికే ఏ గమ్ముకంటే ఇదే మేలు.

రంగు గురించి మా అనుభవం చెప్పాలి. మొదటి ఏడాది బొమ్మకు నల్లటి ఒళ్ళు, తెల్లటి తోక, గులాబీ రంగు మెడ వేసి అద్దంలా చేశాం. ఎగ్జిబిషన్‌లో ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఇందులో దొరికిందేది అమ్మా?" అని అడిగారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకూ చూపించడం రాలేదు, ఎందుకంటే బొమ్మలో అది లేదు. అంతా ఒకటే రంగులో కలిసిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ఎముక ముక్క దొరికిన భాగం మాత్రమే ఇటుక రంగు. చుట్టాల శరీరాన్ని చూసి నింపింది లేత బూడిద రంగు. ఏ ఆధారమూ లేనిది, అంటే ఈకల రంగు, మెడ చర్మం, అసలు రంగే వేయకుండా పేపరు కనిపించేలా వదిలేస్తాం. బొమ్మ అందంగా ఉండదని పిల్లలు మొదట గొణుగుతారు. చూసేవాళ్ళు మాత్రం ఆ చిన్న ఇటుక రంగు మచ్చ దగ్గరే వంగి ఆగుతారు.

వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల ముక్కలను ఒకే బొమ్మలో ఇటుక రంగు వేయకండి. 1999లో చైనా నుంచి వచ్చిన ఆర్కియోరాప్టర్ అనే శిలాజం ప్రపంచమంతా వార్త అయింది, సగం పక్షి సగం డైనోసార్ అని. తీరా చూస్తే పక్షి ఒంటికి డైనోసార్ తోక అతికించారు. మనం అతికించకపోయినా, శివాలిక్ ఎముకనూ ప్రకాశం పెంకునూ ఒకే పక్షిగా చూపిస్తే చూసేవాడికి అదే తప్పు వెళ్తుంది. కాబట్టి బొమ్మ పక్కన పెంకు లెక్కకు వేరే పళ్ళెం, వేరే చీటీ పెట్టండి.

చివరి అడుగు: చీటీలు, ప్రశ్నలు

చీటీ మీద మూడు వరసలే. దొరికింది, ఎక్కడ, ఎంత. దాని నుంచి కొలిచింది, ఇంత నుంచి ఇంత. దేన్ని చూసి నింపాం. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో పిల్లలే రాయాలి. తప్పు రాస్తే కొట్టేసి పక్కన సరిదిద్దాలి, కొత్త చీటీ తీసుకోవద్దు.

ప్రతి పిల్లవాడి చేతిలో ఒక కొబ్బరిచిప్ప ముక్క, స్కేలు, కాలిపర్స్ ఉంచండి. ఎవరైనా "ఇదంతా ఎట్లా తెలుసు?" అంటే మాటలతో మొదలుపెట్టకుండా ముక్క చేతికిచ్చి కొలవమనాలి. పోయినేడు ఆ ప్రశ్న అడిగింది ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసే ఒక నాన్నగారు. జవాబు చెప్పింది మొదట నన్ను ప్రశ్న అడిగిన అబ్బాయే, ఇప్పుడు ఇంటర్‌లో ఉన్నాడు, చూడటానికి వచ్చాడు. ఆయన లోతు 1.9 అన్నారు. వాడు పక్కనున్న వాళ్ళమ్మకు కూడా అదే ముక్క ఇచ్చాడు. ఆవిడ 1.6 అంది. రెండు అంకెలూ చీటీ మీద ఒకదాని కింద ఒకటి రాసి, "మీ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంటుందండీ గుడ్డు" అన్నాడు.